విశాఖ నుంచి ఒక రాత్రి సైకిల్ యాత్ర: పడక, దారి, సామాను ఎంచుకోవడం ఎలా

శనివారం తెల్లవారుజామున ఇల్లు వదిలి, ఆ రాత్రి ఊరి బయట ఎక్కడో నిద్రపోయి, ఆదివారం మధ్యాహ్నం భోజనం వేళకు తిరిగి వచ్చే సైకిల్ యాత్రకు సెలవు అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు. అయినా చాలామంది దగ్గర ఇది సామాను కొనడంతో మొదలై సామాను కొనడంతోనే ఆగిపోతుంది. హ్యాండిల్‌కు ఏ సంచి, సీటు కింద ఏ సంచి, గుడారం ఎన్ని గ్రాములు అన్న చర్చలోనే చలికాలం గడిచిపోతుంది. నేను చెప్పే వరుస దీనికి తలకిందులు. ముందు పడక, తర్వాత దారి, ఆఖరున సామాను. ఎక్కడ పడుకుంటారో తేలితే ఎంత దూరం తొక్కాలో తెలుస్తుంది. ఆ రెండూ తేలితే సామానులో సగం దానంతట అదే రాలిపోతుంది.

మొదట పడక తేల్చుకోండి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు గది తీసుకోవడమే మేలు. అదేదో యాత్రకు అవమానం అన్నట్టు కొందరు మాట్లాడతారు కానీ, రోజంతా చెమటోడ్చి తొక్కినవాడికి ఫ్యాను కింద పట్టే నిద్ర విలువ వేరు. రుషికొండ, భీమిలి వైపు లాడ్జీలు, రిసార్టులు ఉన్నాయి. కొండల్లో టైడా, అనంతగిరి, అరకులలో పర్యాటక సంస్థ అతిథి గృహాలున్నాయి. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో అరకు వైపు గదులు దొరకడం కష్టం, ధరలు కూడా ఆకాశంలో ఉంటాయి. వీలుంటే మంగళవారమో బుధవారమో వెళ్ళండి. గదితో పాటు సైకిల్‌ను లోపల పెట్టుకోనిస్తారా అన్నది ఫోనులోనే అడగాలి. రాత్రి తొమ్మిదింటికి మేనేజరుతో వాదించే ఓపిక మీకు ఉండదు.

రెండో మార్గం, ఊళ్ళో అడిగి పడుకోవడం. గుడి మండపం, బడి వరండా, పంచాయతీ భవనం అరుగు, ఇవి ఇంకా మనిషికి చోటిచ్చే స్థలాలే. చీకటి పడకముందే ఊరు చేరాలి. సైకిల్ దిగి, టీ కొట్టు దగ్గర కూర్చుని, అక్కడున్న పెద్దాయనతో మాట కలిపి, "బాబాయ్, విశాఖ నుంచి వచ్చాం, ఈ రాత్రికి గుడి దగ్గర పడుకోవచ్చా? ఎవరిని అడగమంటారు?" అని అడిగితే చాలు. ఎవరిని అడగాలో వాళ్ళే చెబుతారు, తరచు వాళ్ళే అడిగి పెడతారు. చీకట్లో తలదీపం పెట్టుకుని ఊడిపడితే మాత్రం ఎవరైనా అనుమానిస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మూడోది గుడారం. ఇక్కడ రెండు హెచ్చరికలు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా రాత్రి బస చేయకూడదు. కంబాలకొండ అభయారణ్యం నగరానికి ఆనుకునే ఉంది కాబట్టి ఎవరూ చూడరులే అనుకునేవాళ్ళుంటారు. అక్కడ చిరుతలు కూడా ఉన్నాయి, అటవీ సిబ్బంది కూడా ఉన్నారు. ఇక సముద్రతీరం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. రాత్రి ఇసుకలో తెల్లటి దీపాలు వేస్తే తల్లి తాబేలు వెనక్కి మళ్ళుతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఆ నెలల్లో ఇసుక మీద గుడారం వద్దు. మిగతా రోజుల్లో కూడా అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల పోటు ఎక్కువ. ఎండిన నాచు, చెత్త ఒక గీతలా పేరుకున్న చోటు దాకా నీళ్ళు వచ్చాయని అర్థం. ఆ గీతకు చాలా ఎగువన ఉండాలి. అసలు నన్నడిగితే తీరంలో ఇసుక మీద కంటే సరుగుడు తోట పక్కన, తోటవాళ్ళను అడిగి పడుకోవడం నయం. ఇసుక చైనులోకి పోదు, గాలి తక్కువ, పొద్దున నీడ.

గాలి, వెలుతురు, తుఫాను

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. వేసవి మొదలు వానాకాలం చివరి దాకా ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే. అందుకే ఏప్రిల్‌లో భీమిలికి వెళ్ళేవాడు తన కాళ్ళను తెగ మెచ్చుకుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ నెలల్లో తిరుగు ప్రయాణం తెల్లవారుజామునే మొదలుపెట్టండి, గాలి పుంజుకునే లోపు నగరంలో ఉంటారు. నవంబరు, డిసెంబరుల్లో గాలి ఈశాన్యానికి మళ్ళుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. కొత్తవాళ్ళకు ఆ అమరికే అనుకూలం.

మన ఊరు తూర్పున ఉంది. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, కొండల మధ్య వెలుతురు ఇంకా ముందే పోతుంది. అందుకే చలికాలపు ప్రణాళికలో నాలుగున్నరకు బస చేరేలా లెక్క వేయాలి.

అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని ఏం చేసిందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. విశాఖలోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. బయలుదేరే ముందు రోజు దాని ప్రకటన చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే యాత్ర వాయిదా, అంతే. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి, ఆ వైపూ వద్దు.

దూరం లెక్క

బరువుతో ఉన్న సైకిల్ మీద మైదానంలో ఆగుతూ సాగుతూ గంటకు 15 కిలోమీటర్లు వేసుకోండి. ఎక్కుడుకు నేను వాడే కొలత ఒకటుంది. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు దూరంలో అదనంగా 3 కిలోమీటర్లు కలపాలి. 40 కిలోమీటర్ల దారిలో 1,000 మీటర్ల ఎక్కుడుంటే అది కాళ్ళకు 70 కిలోమీటర్లే. మార్చి నుంచి జూన్ దాకా ఇంకో నాలుగో వంతు కలుపుకోండి. ఆ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఈ లెక్కన మొదటి యాత్రకు రోజుకు 50 దాటవద్దు. అలవాటైనవాళ్ళకు 80 చాలు. సాయంత్రం ఊరు చూడటానికి కాస్త ఓపిక మిగలాలి కదా.

ఫోనులో మ్యాపును ముందే దించుకోవాలి. ఘాట్‌లో చాలా మలుపుల దగ్గర సిగ్నల్ ఉండదు. కారు దారి చూపించే యాప్ ఎప్పుడూ జాతీయ రహదారి మీదికే లాగుతుంది. నడక దారిగా మార్చి కూడా ఒకసారి చూస్తే ఊళ్ళ మధ్య చిన్న రోడ్లు కనిపిస్తాయి. ఉపగ్రహ చిత్రంలో ఆ రోడ్డు తారుదా, పొలం గట్టా అన్నది సరిచూసుకోండి.

దారులు: గోస్తనీ నదిని పట్టుకోండి

విశాఖ చుట్టూ ఒక రాత్రి దారులు ఎంచుకోవడానికి నాకు తెలిసిన సులువు మార్గం గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర లోయ తొలుచుకుని, తాటిపూడి జలాశయంలో ఆగి, పద్మనాభం వైపు పొలాల మధ్య సాగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రం వైపు నుంచి ఒక్కో యాత్రకు నదిలో ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతే కష్టం కూడా క్రమంగా పెరుగుతుంది.

మొదటి యాత్ర భీమిలి. ఆర్కే బీచ్ నుంచి తీరం రోడ్డు మీదుగా పాతిక కిలోమీటర్లకు అటూఇటూ. రుషికొండ, తొట్లకొండ దగ్గర చిన్న చిన్న ఎత్తుపల్లాలు తప్ప కష్టం లేదు. దూరం తక్కువని చిన్నచూపు వద్దు, దారిలో చూడాల్సినవి చాలా ఉన్నాయి. తొట్లకొండ మీద బౌద్ధారామ శిథిలాలు, భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు, ఊళ్ళో డచ్చివారి సమాధులు. ఎర్రమట్టి దిబ్బల మీదికి సైకిల్ ఎక్కించకండి. గట్టిగా కనిపించే ఆ మట్టి చక్రం ఒరిపిడికే కరిగిపోతుంది. మర్నాడు వచ్చిన దారినే రాకుండా తగరపువలస మీదుగా పద్మనాభం వైపు తిరగండి. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరణించిన ఊరు అది. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి కూడా ఆ మండలంలోనే, గోస్తనీ ఒడ్డున ఉంది. ఊరి రోడ్లలో తిరిగి ఆనందపురం దగ్గర జాతీయ రహదారి ఎక్కి హనుమంతవాక చేరవచ్చు. ఆ చివరి భాగం ఒక్కటే విసుగు. లారీలు ఎక్కువ, ఎడమ అంచు వదలకండి.

రెండో మెట్టు తాటిపూడి. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా వెళితే బయలుదేరిన చోటును బట్టి 60 నుంచి 70 కిలోమీటర్లు. పెందుర్తి దాటేదాకా వాహనాల రద్దీ ఉంటుంది కాబట్టి ఐదింటికే కదలాలి. ఆ తర్వాత మామిడి తోటలు, జీడితోటలు, ఎదురుగా తూర్పు కనుమల గోడ. కొండ ఎక్కకుండానే కొండల నీడలో పడుకునే అవకాశం ఇది. జలాశయంలో ఈతకు దిగవద్దు, అది విశాఖకు తాగునీరిచ్చే చెరువు, పైగా లోతు తెలియదు. బసకు ఎస్.కోటలో లాడ్జి చూసుకోవడం తేలిక.

మూడోది అనంతగిరి ఘాట్. విశాఖ నుంచి అరకుకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. ఒక్క రోజులో తొక్కేవాళ్ళున్నారు, కానీ ఒక రాత్రి యాత్రలో అంత తొందర దేనికి? నాకు నచ్చిన పద్ధతి రైలెక్కి పోయి, సైకిల్ మీద దిగడం. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు ఎన్నో సొరంగాలు దాటుకుంటూ అరకు చేరుస్తుంది. సైకిల్‌ను సామాను పెట్టెలో వేయాలి. అందుకు ముందు రోజే పార్సిల్ కార్యాలయానికి వెళ్ళి అడిగి, అరకులో రైలు ఎంతసేపు ఆగుతుందో కనుక్కోండి. పెడళ్ళు విప్పి, సంచులన్నీ తీసేసి ఇవ్వాలి. సంచులు మీతోనే ఉండాలి.

అరకు నుంచి విశాఖకు అంతా దిగుడే అని నమ్మి బయలుదేరేవాళ్ళకు సుంకరిమెట్ట దగ్గర జ్ఞానోదయం అవుతుంది. అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. రోడ్డు అక్కడి నుంచి ఇంకా పైకి ఎక్కి, కాఫీ తోటల మధ్య గాలికొండ వైపు సాగి, ఆ తర్వాతే అనంతగిరి మీదుగా కిందికి దిగుతుంది. బొర్రా గుహలకు తిరిగితే లోయలోకి దిగి మళ్ళీ ఆ ఎత్తంతా ఎక్కి రావాలి. కాబట్టి మొదటి రోజు అరకు చూసి అక్కడే పడుకుని, రెండో రోజు ఆరింటికి బయలుదేరితే పది దాటేలోపు పెద్ద ఎక్కుడు అయిపోతుంది. ఎండ ముదిరేసరికి మీరు మైదానంలో ఉంటారు. అక్కడి నుంచి ఇల్లు ఇంకా చాలా దూరమని మరవవద్దు. ఓపిక లేకపోతే ఎస్.కోటలోనో కొత్తవలసలోనో రైలు చూసుకోండి.

నదితో సంబంధం లేని దారి కావాలంటే అనకాపల్లి వైపు కొండకర్ల ఆవ అనే సరస్సు ఉంది. చలికాలంలో పక్షులు, తాటి దోనెలు, తామరలు. అచ్యుతాపురం పరిసరాల్లో పరిశ్రమల లారీలు విపరీతం కాబట్టి ఆదివారం తప్ప నేను సిఫారసు చేయను.

సైకిలు: ఉన్నదానితోనే

కొత్త సైకిల్ కొనకండి. గేర్లున్న హైబ్రిడ్ గానీ, మౌంటెన్ సైకిల్ గానీ ఉంటే చాలు. భీమిలికైతే గేర్లు లేని పాత సైకిల్, వెనక క్యారియర్, ఒక తాడు చాలు. ఆ దారిలో చేపలమ్మేవాళ్ళు నిత్యం అంతకంటే ఎక్కువ బరువుతో తిరుగుతారు.

ఘాట్‌కు మాత్రం ఒక పరీక్ష ఉంది. ముందు అన్నిటికంటే చిన్న పళ్ళచక్రంలో ఉన్న పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రంలో ఉన్న పళ్ళకు సమానంగానో తక్కువగానో ఉండాలి. ముందు 28, వెనక 34 ఉంటే హాయి. ముందు 39, వెనక 28 ఉన్న రేసు సైకిల్ మీద సామానుతో అనంతగిరి ఎక్కితే మోకాళ్ళు చాలా రోజులు గుర్తు చేస్తూనే ఉంటాయి. టైరు వెడల్పు 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య మంచిది. గాలి గట్టిగా కొట్టించడం మన అలవాటు. 40 మిల్లీమీటర్ల టైరుకు, సగటు బరువు మనిషికి 40 నుంచి 45 పీఎస్‌ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. వెనక కాస్త ఎక్కువ, ముందు కాస్త తక్కువ.

వాల్వు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే యాత్రలు ఆగిపోయేది ఇక్కడే. పల్లెల్లో పంక్చరు కొట్లు పుష్కలం, పనితనం కూడా గొప్పది. కానీ అక్కడ ఉండేవి పాత సైకిళ్ళ ట్యూబులు, మోటారు సైకిళ్ళ పంపులు. మీ చక్రం సన్నని ప్రెస్టా వాల్వుది అయితే ఆ పంపు పట్టదు. పది గ్రాములు కూడా తూగని ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. మీ కొలత ట్యూబులు రెండు, ప్యాచీల పెట్టె, టైరు లీవర్లు, చిన్న పంపు, మల్టీటూల్, చైను తెగితే కలిపే లింకు, గేరు హ్యాంగరు (వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి అదనం. ఆ హ్యాంగరు ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం కాబట్టి అరకులో వెతికినా దొరకదు.

బ్రేకులు బయలుదేరడానికి వారం ముందే చూపించండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకూడదు. మలుపుకు ముందు రెండూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. నిరంతరం నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. డిస్కు బ్రేకులైతే ప్యాడ్లు మెరుగెక్కి పట్టు తప్పుతాయి. కాలిన డిస్కు మీద నీళ్ళు పోయవద్దు, చేత్తో ముట్టుకోవద్దు. టైడా దగ్గర ఆగి టీ తాగండి, అదే చల్లబడుతుంది.

సామాను: పడకను బట్టి

గదిలో పడుకునే యాత్రకు నీళ్ళు, తిండి కాక 4 కిలోలు దాటితే ఏదో అనవసరమైంది ఉందని అర్థం. ఆరుబయటకు 7 నుంచి 8 కిలోలు.

తీరంలో ఏ కాలమైనా స్లీపింగ్ బ్యాగు దండగ. పలచని దుప్పటి, నురగ చాప, దోమతెర చాలు. వానాకాలం కాకపోతే గుడారం కంటే నిలబెట్టుకునే దోమతెర, దాని మీదికి ఒక తేలిక టార్పాలిన్ మంచివి. సముద్రపు తేమకు ఒంటి పొర గుడారం లోపల తెల్లవారేసరికి నీళ్ళు కారతాయి. అరకులో లెక్క వేరు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కంటే కిందికి పోతుంది. అక్కడ ఆరుబయట పడుకుంటే 5 డిగ్రీలకు తట్టుకునే స్లీపింగ్ బ్యాగు, ఉన్ని టోపీ, మేజోళ్ళు తప్పనిసరి. పొద్దున దిగుడులో చేతులు కొయ్యబారిపోతే బ్రేకు నొక్కలేరు కాబట్టి పూర్తి వేళ్ళ గ్లోవ్స్ కూడా.

బట్టల్లో నా ఓటు లుంగీకి. దుప్పటి, స్నానానికి తెర, బట్టలు మార్చుకునే గది, ఎండలో తలపాగా, పొద్దున సైకిల్ తుడిచే గుడ్డ, అన్నీ అదే. తొక్కేటప్పుడు చెమట ఆరే బట్ట, పడుకునేటప్పుడు నూలు. ఒక జత తొక్కడానికి, ఒక జత నిద్రకు, అంతకు మించి వద్దు. సాయంత్రం ఉతికి సైకిల్ మీద ఆరేస్తే కొండల్లో ఆరుతుంది, తీరంలో ఆరదు. అది తెలిసి మూడో చొక్కా పెట్టుకునేవాళ్ళను తప్పుపట్టను.

సర్దడంలో సూత్రం ఒకటే, బరువైనది కిందికీ మధ్యకూ. పనిముట్లు, నీళ్ళు, పవర్ బ్యాంకు ఫ్రేము సంచిలో. తేలికగా ఉండి చోటు తినే పడక హ్యాండిల్ మీద. బట్టలు సీటు వెనక. వీపు మీద సంచి మాత్రం వద్దు, ఈ ఉక్కలో వీపంతా చెమటకాయలు లేస్తాయి. ప్రత్యేక సంచులు లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, క్యారియర్ మీద రబ్బరు తాళ్ళతో బిగించండి. వదులుగా వేలాడే తాడు చక్రంలో పడకుండా కత్తిరించాలి. అంతా కట్టాక ఇంటి వీధిలోనే గుంతలున్న చోట ఒక చుట్టు కొట్టి చూడండి. జారేది అక్కడే జారుతుంది.

పొయ్యి వద్దనే నా అభిప్రాయం. గ్యాసు డబ్బా రైల్లోకి అనుమతించరు, ఎండాకుల కాలంలో కొండల్లో నిప్పు ప్రమాదం, పైగా ఈ దారుల్లో ఎక్కడ ఆగినా ఇడ్లీ, ఉప్మా, టీ దొరుకుతాయి.

నీళ్ళు, తిండి, ఒంటి సంగతి

చలికాలంలో గంటకు అర లీటరు, వేసవిలో ముప్పావు నుంచి లీటరు. సైకిల్ మీద రెండు లీటర్లు, ఘాట్‌లో మూడు. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉత్త నీళ్ళే తాగితే తల తిరుగుతుంది. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరులో కలపాలి, సగం సగం అంచనాలు వద్దు. ఉప్పేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు, చోడి అంబలి దొరికిన చోట ఆగండి. పల్లీ చిక్కీ, ఖర్జూరం, అరటిపళ్ళు జేబులో ఉండాలి. అరకులో బొంగు చికెన్ రాత్రికి దాచుకోండి. అది తిని ఎక్కుడు ఎక్కడం కుదరదు.

ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పూర్తి చేతుల చొక్కా, దోమల క్రీము, రాత్రి తెర. తిరిగి వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకుని, కొండల్లో తిరిగి వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పాలి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. కరిస్తే పావుగంట పాటు సబ్బుతో, పారే నీళ్ళతో కడిగి, ఆ రోజే టీకా వేయించుకోవాలి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు. అవయవాన్ని కదపకుండా ఉంచి 108కి ఫోను. సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, మర్నాడు ఎన్నింటికి ఫోను చేస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి. వెనక ఎర్ర దీపం పగలు కూడా వెలిగించే ఉంచాలి. ఘాట్ మలుపుల్లో బస్సు డ్రైవరుకు మీరు కనిపించేది దానివల్లే.

తిరిగి వచ్చాక

తీరం రోడ్డు మీద వచ్చిన సైకిల్‌ను ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడగండి. పైపుతో వేగంగా కొట్టకూడదు, బేరింగుల్లోకి ఉప్పునీరు దూరుతుంది. మగ్గుతో పోసి, పాత బ్రష్షుతో చైను రుద్ది, పూర్తిగా ఆరాక లింకు లింకుకు నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. సీటు గొట్టాన్ని నెలకోసారి బయటికి తీసి గ్రీజు రాయండి. ఉప్పుగాలికి అది ఫ్రేములో బిగుసుకుపోతే మెకానిక్ కూడా తీయలేడు. గుడారం, చాప నీడలో పూర్తిగా ఆరాకే మడవాలి. చివరగా సంచులు ఖాళీ చేసేటప్పుడు వాడనివన్నీ ఒక పక్కకు పెట్టి చూడండి. పనిముట్లు, మందులు తప్ప మిగతావి రాబోయే యాత్రకు ఇంట్లోనే ఉండిపోవచ్చు.